పోలండ్‌లో పాత యూదు శ్మశానం శుభ్రం చేయాలి: ముందు ఏం చేయాలి, ఏది ముట్టుకోకూడదు?

లుబ్లిన్_కుర్రాడు:

అందరికీ నమస్కారం. తూర్పు పోలండ్‌లో, లుబ్లిన్ ప్రాంతంలోని ఒక చిన్న ఊరి చివర గుట్ట మీద పాత యూదు శ్మశానం ఉంది. స్థలం 0.6 హెక్టారు, మన లెక్కలో ఎకరంన్నర. పైకి కనబడే సమాధి రాళ్ళు 70 దాకా ఉన్నాయి. వాటిలో సగం పడిపోయాయి, కొన్ని నేలలో కూరుకుపోయాయి. మిగతాదంతా రొబీనియా అనే ముళ్ళ చెట్లు, ముళ్ళపొదలు, ఐవీ తీగ. కంచె లేదు.

అక్టోబరులో శని, ఆదివారాలు రెండు రోజులు శ్రమదానం అనుకుంటున్నాం. తెలుగు విద్యార్థులం 15 మందిమి, ఊరి హైస్కూలు నుంచి 20 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. చేతిలో 4000 జ్లోటీలు (పోలండ్ డబ్బు) ఉన్నాయి. అనుకున్న సామాను: అద్దెకు ఒక హై ప్రెషర్ వాషర్, రెండు బ్రష్ కట్టర్లు, పడిన రాళ్ళు నిలబెట్టడానికి రెండు బస్తాల సిమెంటు, అక్షరాలు తేలేలా పూయడానికి సుద్దముక్కలు, గునపాలు, పారలు.

ఎవరి అనుమతి తీసుకోవాలి? ఏ పని ముందు, ఏది తర్వాత? రాళ్ళ మీద హీబ్రూ మాలో ఎవరికీ రాదు, ఎలా నమోదు చేయాలి? పిల్లలకు ఏం చెప్పాలి? దీని మీద పని చేసినవాళ్ళు చెప్పండి.


సున్నం_గచ్చు:

జాబితాలోంచి ప్రెషర్ వాషర్, సిమెంటు, సుద్దముక్కలు, గునపాలు, పారలు తీసేయండి. శనివారం కూడా తీసేయండి. మిగిలింది బాగానే ఉంది.

ముందు శనివారం సంగతి. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా షబ్బత్, యూదుల వారపు విశ్రాంతి దినం. ఆ వేళలో యూదు శ్మశానంలో పని జరగకూడదు, చేసేది యూదులు కాకపోయినా సరే. సెప్టెంబరు, అక్టోబరుల్లో రోష్ హషానా, యోమ్ కిప్పూర్, సుక్కోత్ వరసగా వస్తాయి. మన పండగల్లాగే వాళ్ళవీ చంద్రుడి లెక్క మీదే నడుస్తాయి, తేదీలు ఏటా జరుగుతుంటాయి. క్యాలెండర్ చూసుకోండి. ఇక ఆదివారం పొద్దున ఊరంతా చర్చిలో ఉంటే గుట్ట మీద బ్రష్ కట్టర్ మోగిస్తే జనానికి ఒళ్ళు మండుతుంది. బడి పిల్లలు ఎలాగూ ఉన్నారు కాబట్టి సోమ, మంగళవారాలు పెట్టుకోండి.

గునపం ఎందుకు వద్దన్నానంటే, మన కంటికి రాళ్ళే శ్మశానం. యూదు ధర్మశాస్త్రం, అంటే హలఖా ప్రకారం నేలే శ్మశానం. పాతిపెట్టిన మనిషికి ఆ జాగా శాశ్వతంగా సొంతం. ఎముకలు కదపకూడదు, ఆ మట్టి తవ్వకూడదు. నాజీల కాలంలో రాళ్ళు పెరికి రోడ్లకూ పెరళ్ళకూ పరిచారు. యుద్ధం తర్వాత కూడా రాళ్ళు పోతూనే వచ్చాయి. అందుకని రాయి లేని ఖాళీ చోట కూడా కింద సమాధి ఉందనే లెక్క. వేళ్ళతో సహా మొక్క పీకడం, మొద్దు పెకలించడం, గుంజ పాతడం, మంట కోసం గుంట తీయడం, అన్నీ తవ్వకం కిందికే వస్తాయి. ట్రాక్టర్ లోపలికి రానివ్వకండి. వాన తడి నేల మీద చక్రాలు దిగబడితే పాత గుంటలు కుంగుతాయి.

ఒకవేళ ఎముక బయటపడితే (నక్కో అడవిపందో తవ్విన చోట పడొచ్చు) ఫొటోలు తీసి ప్రదర్శించకండి, వేరే చోటికి మార్చకండి. అక్కడే మట్టి కప్పి, ఆ మూల పని ఆపి, రబ్బీల (యూదు మత గురువుల) కమిషన్‌కు ఫోన్ చేయండి.

అనుమతులు. స్థలం ఎవరిదో ముందు తేలాలి. ప్రభుత్వ పటాల సైటు జాతీయ జియోపోర్టల్‌లో ప్లాటు నంబరు దొరుకుతుంది, దాన్ని పట్టుకుని భూమి రిజిస్టరులో యజమానిని చూడాలి. నాలుగు రకాలు ఉంటాయి: యూదు మత సంఘం, పోలండ్‌లో యూదు వారసత్వ పరిరక్షణకు 2002లో పెట్టిన ఫౌండేషన్ (అక్కడ ఫోజ్ అంటారు), మున్సిపాలిటీ లేదా ప్రభుత్వ ఖజానా, లేదా ప్రైవేటు మనిషి. 1997 చట్టం కింద మత సంఘాలకు తిరిగొచ్చిన శ్మశానాలు కొన్నే, అడిగినా ఇంకా తేలనివి ఉన్నాయి. యజమాని రాతపూర్వక ఒప్పుదల ఒకటి. ముఖ్య రబ్బీ కార్యాలయంతో కలిసి పనిచేసే రబ్బీల శ్మశాన కమిషన్ ఒప్పుదల రెండు. శ్మశానం స్మారక చిహ్నాల రిజిస్టరులో ఉంటే ప్రాంతీయ కన్సర్వేటర్ (స్మారక చిహ్నాలను కాపాడే అధికారి) కార్యాలయం అనుమతి మూడు. అక్కడ గడ్డి కోయడానికి పేచీ ఉండదు గానీ రాయి కడగాలన్నా, లేపాలన్నా, చెట్టు కొట్టాలన్నా కాగితం కావాలి. నెల నుంచి రెండు నెలలు పడుతుందనుకోండి. దరఖాస్తుతో పాటు ప్లాను, ఫొటోలు, ఎవరు ఏ పనిముట్టుతో ఏం చేస్తారో ఒక పేజీ జతపరిస్తే అదనపు ప్రశ్నలు తగ్గుతాయి.


సున్నం_గచ్చు:

(కొనసాగింపు, మొక్కల గురించి.)

మీ అక్టోబరు పథకంలో ఒక చిక్కుంది. పొదలు, చెట్లు కొట్టడానికి పిట్టల గూళ్ళ కాలం అయిపోవాలి. అక్కడ గూళ్ళు కదపడానికి వెసులుబాటు అక్టోబరు 16 నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకే. రాళ్ళు కడగడానికి మాత్రం మంచు పడని రోజులు కావాలి. రాయి పీల్చిన నీళ్ళు గడ్డకట్టి పొంగితే ఇసుకరాయి పొరలు పొరలుగా లేస్తుంది. కనుక రెండు పనులూ ఒకే విడతలో కుదరవు. అక్టోబరు చివర కొమ్మలూ పొదలూ, మళ్ళీ మే–సెప్టెంబరు మధ్య రాళ్ళు. రెండో విడత ఉందని ఇప్పుడే బడికి చెప్పండి.

రొబీనియాతో జాగ్రత్త. నరికేస్తే పని అయిపోయిందనుకుంటాం. మరుసటి వేసవికి ప్రతి వేరు నుంచీ పిలకలు లేచి, ఒక్క చెట్టున్న చోట ముప్పై ముళ్ళ కొరడాలు తయారవుతాయి. పైగా నీడ ఒక్కసారిగా పోయేసరికి ఎండ పడి బ్లాక్‌బెర్రీ ముళ్ళు ఊడ్చుకొస్తాయి. ఏడాది తిరిగేసరికి ముందుకన్నా అధ్వానం. అందుకే మొదటి విడత పెద్ద చెట్లు ముట్టుకోకుండా, బొటనవేలు లావు లోపున్నవి మాత్రం నేల మట్టానికి కోయండి. మొద్దు పైకి ఉంటే కాలికి తగులుతుంది, కిందికి తవ్వడానికి లేదు. పెద్దవి ఎండబెట్టాలంటే నిపుణులు బెరడు వలయంగా తీస్తారు. మొదటి ఏడు చుట్టుకొలతలో పదో వంతు బెరడు వదిలి, మిగతాది అరచేయి వెడల్పున చెక్కుతారు. చెట్టు కంగారుపడి పిలకలు వేయకుండా మెల్లగా నీరసిస్తుంది. రెండో ఏడు ఆ మిగిలింది తీస్తారు. కానీ ఎండిన చెట్టు ఎప్పుడో పడుతుంది, రాళ్ళ మీద పడే చోట ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ పైనుంచి ముక్కలుగా దించాలి, అది తాళ్ళతో చెట్టెక్కే లైసెన్సున్న వాళ్ళ పని. మామూలు స్థలాల్లో రొబీనియా నేలకు 5 సెంటీమీటర్ల ఎత్తులో చుట్టుకొలత 65 సెంటీమీటర్లు దాటకపోతే అనుమతి అక్కర్లేదన్న నియమం ఉంది. రిజిస్టరులో ఉన్న శ్మశానంలో ఆ లెక్క నమ్ముకోవద్దు, అడగండి.

ఐవీని రాయి మీద నుంచి లాగకండి. దాని ఊడలు రాతి రేణువుల్లో దిగి ఉంటాయి, లాగితే అక్షరాలతో సహా ఊడొస్తాయి. కింద కాండం దగ్గర రెండు కోతలు పెట్టి, మధ్య ముక్క తీసేసి వదిలేయండి. కొన్ని నెలలకు ఎండి పెళుసవుతుంది. అప్పుడు కొద్దికొద్దిగా విరిచి తీయొచ్చు, రాని వేళ్ళను అలాగే ఉంచాలి.

నేల మీద పాకే, నీలం పూల వింకా కనబడితే పీకేయకండి. మన బిళ్ళగన్నేరుకు చుట్టం లాంటిది. సమాధుల మీద కావాలని నాటేవాళ్ళు, రాయి పోయిన చోట అది ఒక ఆనవాలు.

బ్రష్ కట్టర్ నైలాను తీగ రాయికి తగిలితే మెత్తటి ఇసుకరాయి అడుగున గాడి పడుతుంది. రాయి చుట్టూ 30 సెంటీమీటర్లు చేతి కత్తెరతోనే. కలుపు మందు వద్దు, దాంట్లో లవణాలు రాయిలోకి చేరతాయి. కోసిన గడ్డిని పశువులకు వేయకూడదు, శ్మశానంలో మేపకూడదు అన్నది పాత ధర్మశాస్త్ర నియమం. మోపులు ఎక్కడ పోయాలో కమిషన్‌నే అడగండి, అంచున గుట్టగా వేయమంటారో, బయటికి తరలించమంటారో.


ఫలకం_చదువరి:

గచ్చు గారు చెప్పినదానికి ముందు ఒక మెట్టు ఉంది. ఎవరూ కత్తెర పట్టకముందే నమోదు. మొక్కలు కోసేటప్పుడు పడిన రాళ్ళ ముక్కలు పక్కకు జరుగుతాయి. ఏ ముక్క ఎక్కడిదో ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు.

పద్ధతి ఇది. స్థలాన్ని తాళ్ళతో 10 మీటర్ల గళ్ళు చేయండి. గుంజలు పాతకూడదు కదా, ఇసుక సంచులకు కట్టండి. ఎకరంన్నరకు 60 గళ్ళు వస్తాయి. ప్రతి గడికి ఒక అక్షరం, అంకె. ప్రతి రాయికి, ముక్కకు ఒక సంఖ్య. సంఖ్యను రాయి మీద రాయకండి, పక్కన రేకు మీద రాసి ఫొటోలో పెట్టి తీసేయండి. ఒక్కో రాయికి కనీసం నాలుగు ఫొటోలు: దూరం నుంచి పరిసరాలతో, ఎదురుగా, వెనక, పక్క. పొడవు, వెడల్పు, మందం, ఏ దిక్కుకు పడింది, శాసనం పైకుందా కిందికుందా, రంగు జాడలున్నాయా, ఇవన్నీ ఒకే పట్టికలో.

రంగు జాడలు అన్నాను. తూర్పు పోలండ్ మత్సేవాలకు (సమాధి రాయిని అలా అంటారు) రంగులు వేసేవాళ్ళు. ఎరుపు, నీలం, పసుపు, నలుపు. మొట్టమొదట వాటి ముఖం బూడిద రంగు కాదు. అక్షరాల గుంటల్లో, సింహం జూలు సందుల్లో చిన్న మరకలా మిగిలి ఉంటుంది. ఒక్కసారి బ్రష్‌తో రుద్దితే అదీ పోతుంది.

సుద్దముక్క వద్దనడానికి కారణం: గీతలు పడతాయి, పొడి రంధ్రాల్లో దిగుతుంది. అంతకన్నా పెద్ద చేటు, అక్షరం ఇదే అనుకుని మీరు పూసిన రూపం తర్వాతి వాళ్ళను కూడా తప్పుదారి పట్టిస్తుంది. మన దగ్గర శాసనాలకు తడి కాగితం అద్ది బ్రష్‌తో కొట్టి సిరా అచ్చు తీస్తారు చూడండి, గ్రానైటు మీద అది చెల్లుతుంది. ఇక్కడి మెత్తటి ఇసుకరాయి మీద అదీ వద్దు. వెలుతురుతో చదవండి. రెండు మార్గాలు. పగలైతే ఒకరు నిలువుటద్దం పట్టుకుని ఎండను పక్కనుంచి రాతి ముఖానికి దాదాపు ఒరుసుకునేలా పంపాలి. మబ్బు పడితే నల్ల గుడ్డ కప్పి, పక్కనుంచి టార్చి. వెలుతురు పక్కనుంచి వచ్చేసరికి అరిగిన గీత నీడతో తేలుతుంది. ఎడమ, కుడి, పైనుంచి మూడు ఫొటోలు తీస్తే ఒకదాంట్లో కనపడని అక్షరం ఇంకోదాంట్లో పడుతుంది.

హీబ్రూ రాకపోయినా తేదీ, పేరు పట్టుకోవచ్చు. పై వరుసలో తరచు రెండే అక్షరాలు ఉంటాయి, పే, నూన్. "ఇక్కడ పాతిపెట్టబడ్డారు" అనే మాటకు పొడి. అడుగున ఐదక్షరాలు తావ్, నూన్, త్సాదే, బేత్, హే: "ఇతని ఆత్మ జీవపు మూటలో కట్టబడి ఉండుగాక" అనే బైబిలు వాక్యపు పొడి. మధ్యలో పేరు. 'బెన్' అంటే కొడుకు, 'బత్' అంటే కూతురు. ఇంటిపేరు చాలాసార్లు ఉండదు. పేరు ముందు 'రెబ్' కనబడగానే రబ్బీ సమాధి అని రాసేస్తుంటారు, తప్పు. రెబ్ అంటే మన 'గారు'. అంతే.

తేదీ అక్షరాల్లో ఉంటుంది, ప్రతి అక్షరానికి విలువ. ఉదాహరణకు తావ్ 400, రేష్ 200, సామెఖ్ 60, హే 5. కలిపితే 665. వేలస్థానం 5 రాయరు, కాబట్టి 5665. మూడంకెల సంఖ్యకు 1240 కలిపితే 1905. ఇక్కడే జారిపోతారు. వాళ్ళ సంవత్సరం శరత్కాలంలో మొదలవుతుంది. నెల తిశ్రీ, హెష్వాన్, కిస్లేవ్ అయితే అది 1904. తేవేత్ నెల డిసెంబరు–జనవరి మధ్య పడుతుంది కాబట్టి రోజు చూడాలి. శక సంవత్సరానికి 78 కలిపి, ఆఖరి నెలలైతే 79 కలుపుతామే, అదే తంటా. నెల అరిగిపోతే "1904/05" అని రాయండి, ఊహించి ఒకటి తేల్చకండి.

అక్షరాల్లో తికమక జంటలు: దాలెత్–రేష్ (4, 200), హే–హెత్ (5, 8), బేత్–కాఫ్ (2, 20), వావ్–జాయిన్ (6, 7). హేను హెత్ అనుకుంటే మూడేళ్ళు తేడా. ఇంకోటి, 15వ తేదీని పది+ఐదుగా రాయరు, 16ను పది+ఆరుగా రాయరు. ఆ అక్షరాలు కలిస్తే దేవుడి పేరుకు దగ్గరగా వస్తుంది. 9+6, 9+7గా రాస్తారు.

బొమ్మలు కూడా సమాచారమే. వేళ్ళు విడదీసి ఆశీర్వదిస్తున్న రెండు చేతులు కొహెన్ల, అంటే పాత పురోహితుల వంశం. కూజా ఆలయ సేవకుల వంశమైన లేవీయులది. కొవ్వొత్తులు సాధారణంగా స్త్రీలవి. పుస్తకాలు చదువుకున్నవాడివి. హుండీలో నాణెం వేస్తున్న చేయి దానశీలిది. విరిగిన చెట్టు, విరిగిన కొవ్వొత్తి అర్ధాయుష్షు. సింహం చాలాసార్లు యెహుదా లేదా ఆర్యే అనే పేరు, జింక త్స్వీ లేదా హిర్ష్.

చదివినవి యూదు శ్మశానాల డాక్యుమెంటేషన్ ఫౌండేషన్ డేటాబేసులోనూ, జ్యూయిష్‌జెన్ ఖనన జాబితాలోనూ చేర్చొచ్చు. పోలండ్ మీద పరిశోధన చేసే మనవళ్ళు ముందు వెతికేది అక్కడే.


లుబ్లిన్_కుర్రాడు:

ధన్యవాదాలు. ప్రెషర్ వాషర్ అడ్వాన్సు ఇవ్వలేదు, బతికిపోయాం. మరి రాళ్ళు కడగడం అసలు మాలాంటి వాళ్ళు చేయొచ్చా? పడిన రాళ్ళు నిలబెట్టకపోతే ఊరివాళ్ళకు మేం ఏం చేశామో కనబడదేమో అని టీచర్ల బెంగ. విడి ముక్కలన్నీ ఒక గోడగా కట్టేస్తే ఎలా ఉంటుందని సర్పంచి లాంటాయన అడిగారు.


సున్నం_గచ్చు:

కడగడం చేయొచ్చు, కానీ 70లో అన్నీ కాదు. ముందు వేలి కణుపుతో మెల్లగా తట్టండి. కుండ కొన్నట్టే. గట్టిగా పలికితే బాగున్నట్టు. డొల్లగా పలికితే లోపల పొర లేచింది, దాన్ని కడగొద్దు. చేత్తో తుడిస్తే ఇసుక రాలుతుంటే కడగొద్దు. రంగు జాడలుంటే కడగొద్దు. ఈ మూడూ పోగా మిగిలేవి పాతికైనా పిల్లలకు రెండు రోజుల పని.

సామాను: భుజానికి తగిలించుకునే చేతి పంపు స్ప్రేయర్లు రెండు (5 లీటర్లవి), మెత్తటి నైలాను లేదా సహజ కుచ్చు బ్రష్‌లు 20, ఐస్‌క్రీం పుల్లలు ఒక కట్ట, స్పాంజీలు, మంచి నీళ్ళు. ఒక్కో రాయికి 10 లీటర్లు అనుకుంటే సరిపోతుంది, గుట్ట మీదకు మోయాలి కాబట్టి ముందే లెక్కవేసుకోండి. ఇనుప బ్రష్, సబ్బు, బ్లీచింగ్, వెనిగర్, ఏ యాసిడ్ అయినా వద్దు. సున్నపురాయికి యాసిడ్ తగిలితే నురుగు వస్తుంది, ఆ నురుగు రాయే. బ్లీచ్ లోపల ఉప్పు మిగిల్చి, ఎండినప్పుడల్లా స్ఫటికాలు కట్టి పొరలు లేపుతుంది. నాచు చంపే ద్రావణాలు కన్సర్వేటర్ పేరు చెప్పి రాసిస్తేనే.

రాయిని ముందు నిలువునా తడపండి. పొడి రాయి మురికి నీళ్ళను లోపలికి పీల్చేస్తుంది. తర్వాత కిందినుంచి పైకి రుద్దాలి. ఇది అందరూ తిరగేసి చేస్తారు. పైనుంచి మొదలెడితే మురికి చారలు కింది పొడి భాగం మీద కారి మరకలవుతాయి. గుండ్రంగా, బరువు వేయకుండా. అక్షరాల గుంటల్లో నాచును పుల్లతో నెట్టాలి, గోకకూడదు. అడుగడుక్కీ నీళ్ళు. నీళ్ళతో పాటు రాతి రేణువులు వస్తుంటే వెంటనే ఆపండి. లైకెన్ (రాతి మీద పొరలా పెరిగే నాచు లాంటిది) గట్టిగా అంటుకుని ఉంటే వదిలేయండి. కొత్తరాయిలా తెల్లబడాలన్న పట్టుదలే చాలా రాళ్ళను తినేసింది.

నిలబెట్టే సంగతి. లెక్క చూడండి. ఎత్తు 150, వెడల్పు 60, మందం 15 సెంటీమీటర్ల ఇసుకరాయి అంటే 0.135 ఘనపు మీటరు. ఘనపు మీటరుకు 2300 కిలోలు అనుకుంటే 310 కిలోలు. నలుగురు కుర్రాళ్ళు చేతులతో లేపితే రాయో వేళ్ళో, ఏదో ఒకటి విరుగుతుంది. మూడు కాళ్ళ స్టాండు, టన్ను చైన్ పుల్లీ, గుడ్డ పట్టీలు, చెక్క దిమ్మెలు కావాలి, ఇనుప గొలుసు రాతికి తగలకూడదు. పైగా నిలబెట్టాలంటే 40–50 సెంటీమీటర్ల గుంట, అంటే తవ్వకం, అంటే రబ్బీల కమిషన్ మనిషి దగ్గరుండాలి. మొదటి ఏడాది ఈ జోలికి పోవద్దు. బోర్లా పడిన రాయి మట్టిలో ఉంటే శాసనం ఎండావానల నుంచి బాగానే దాగి ఉంటుంది. తొందరేం లేదు.

సిమెంటు ఎందుకు వద్దంటే, అది రాయికన్నా గట్టిది, నీటిని బయటికి పోనివ్వదు. తేమ మొత్తం మెత్తటి రాయిలోంచే పోవాలి, దాంతో అతుకు పక్కన రాయి పొడైపోతుంది. సిమెంటు మాత్రం చెక్కుచెదరకుండా మిగులుతుంది. విరిగిన రాళ్ళ అతుకుల్లో పాత ఇనుప సీలలు కనబడతాయి. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ జాగా ఆక్రమిస్తుంది, రాయి లోపలినుంచి పగులుతుంది. కన్సర్వేటర్లు సున్నపు గచ్చు, స్టెయిన్‌లెస్ లేదా గ్లాస్‌ఫైబరు సీలలు వాడతారు.

గోడ గురించి. కజిమియెజ్ దోల్నిలో 1984లో రాతి ముక్కలతో కట్టిన స్మారక గోడ ప్రసిద్ధి, నడిమధ్య పగులు చీలి ఉంటుంది. అది చూసే చాలా ఊళ్ళు అలాంటిదే అడుగుతాయి. నా మటుకు వద్దంటాను.


ఫలకం_చదువరి:

ఇక్కడ గచ్చు గారితో సగమే ఏకీభవిస్తాను. శ్మశానంలోనే దొరికిన ముక్కల్ని గోడ కట్టకూడదు, నిజం. ఎక్కడ పడ్డాయో అక్కడుంటే ఏ సమాధిదో చెప్పే అవకాశం మిగులుతుంది, గోడకెక్కితే ఆ జాడ పోయినట్టే. కానీ ఊళ్ళో గుమ్మాల కింద నుంచి, పెరళ్ళ నుంచి తిరిగొచ్చే రాళ్ళకు అసలు చోటు ఎప్పటికీ తెలియదు. వాటికి ఒక జాగా కావాలి. లోపలికొచ్చే దారి (గేటు) దగ్గర, సమాధులు లేవని కమిషన్ తేల్చిన అంచున, కంకర పరుపు మీద స్టీలు ఫ్రేములో వెనక్కి కాస్త వాల్చి ఆనించి పెట్టొచ్చు. వెనక వైపు కూడా కనబడాలి, ఏ ముక్క అయినా విడిగా తీయగలగాలి. వేరే ముక్క దొరికితే పక్కన పెట్టి జత చూసేలా ఉండాలి. కాంక్రీటులో పొదిగితే ఆ పని కుదరదు.


బడి_గంట:

పిల్లల విషయం నేను చెబుతాను. శ్రమదానం రోజే పాఠం పెట్టుకుంటే పని చెడుతుంది, పాఠం చెడుతుంది. ముందు మూడు తరగతి గంటలు కావాలి.

మొదటి గంట ఊరి గురించి, చావు గురించి కాదు. 1939 ముందు ఈ ఊళ్ళో సంతలో ఎవరు ఏం అమ్మేవారు, సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) ఎక్కడుండేది, ఇప్పుడు అక్కడ ఏముంది. యుద్ధానికి ముందు పోలండ్‌లో దాదాపు 33 లక్షల యూదులు, వాళ్ళలో 30 లక్షల దాకా హత్యకు గురయ్యారు. ఆ అంకెతో మొదలెడితే పిల్లల కళ్ళు మూసుకుపోతాయి. వీధి పేరుతో మొదలెట్టండి. వార్సాలోని యూదు చరిత్ర మ్యూజియం పోలిన్ వాళ్ళ వెబ్‌సైటు వర్చువల్ ష్తెత్ల్‌లో చాలా ఊళ్ళకు పేజీలున్నాయి. బతికి బయటపడినవాళ్ళు ఊరూరికీ రాసుకున్న యిజ్కోర్ పుస్తకాలు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ డిజిటల్ చేసింది.

రెండో గంట ఒక్క రాయి. ఒక్కటే. చదువరి గారు చూపించిన 665 లాంటి రాయి ఎంచుకుని ఫొటో తెర మీద పెట్టండి, పిల్లలే అక్షరాల విలువలు కలిపి 1905 తేల్చాలి. తర్వాత ప్రభుత్వ ఆర్కైవ్స్ పోర్టల్‌లో ఆ ఊరి యూదు మరణాల రిజిస్టరు వెతకాలి. ఆ ప్రాంతం అప్పట్లో రష్యా పాలనలో ఉండేది. యూదుల రిజిస్టర్లు 1826 నుంచి విడిగా ఉన్నాయి, 1868 దాకా పోలిష్‌లో, ఆ తర్వాత రష్యన్‌లో. కాబట్టి 1905 నాటి నమోదు రష్యన్ చేతిరాతలో ఉంటుంది, రెండు తేదీలతో. రష్యా అప్పట్లో వాడిన పాత క్యాలెండర్ 20వ శతాబ్దంలో మన ఇప్పటిదానికన్నా 13 రోజులు వెనక, 19వ శతాబ్దంలో 12. రాయి మీద రెండు మాటలున్న మనిషికి రిజిస్టరులో ఇంటిపేరు, వృత్తి, వయసు, భార్య పేరు దొరికిన క్షణం పిల్లలు కుర్చీల్లోంచి లేస్తారు. దొరక్కపోవడమూ జరుగుతుంది. కొన్నేళ్ళ పుస్తకాలు యుద్ధంలో పోయాయి. రెండు మూడు రాళ్ళు సిద్ధంగా ఉంచుకోండి.

మూడో గంట నియమాలు. మగపిల్లలు టోపీ పెట్టుకోవాలి, బేస్‌బాల్ క్యాపైనా సరే. లోపల తినడం తాగడం లేదు, కాబట్టి టిఫిను, నీళ్ళు గేటు బయట. సమాధి మీద కూర్చోవడం, తొక్కుకుంటూ పోవడం ఉండదు, వరసల మధ్య నడవాలి. పూలు తేనక్కర్లేదు, చిన్న గులకరాయి పెడతారు. బయటికొచ్చాక చేతులు కడుక్కోవాలి, గేటు దగ్గర ఒక చెంబు, బకెట్ పెట్టండి. శ్మశానం నుంచి వచ్చి కాళ్ళూ చేతులూ కడుక్కోకుండా ఇంట్లో అడుగుపెట్టనివ్వని అమ్మమ్మలు మనకూ ఉన్నారు, మీవాళ్ళకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. గుంపులో ఎవరైనా కొహెన్ వంశస్థులైన యూదు అతిథి ఉంటే ఆ వంశానికి సమాధుల దగ్గరికి వెళ్ళకూడదన్న నియమం ఉంది కాబట్టి ఆయన లోపలికి రారు, బయటే నిలబడతారు. అలిగారని అనుకోవద్దు.

ఊళ్ళో రాళ్ళ గురించి అడిగే తీరు ముఖ్యం. సమాధి రాళ్ళు గుమ్మాలకు, పందుల దొడ్లకు, బావి చుట్టు పలకలకు, ఆఖరికి గుండ్రంగా కోసి సానరాళ్ళకు కూడా వాడారు. ఇప్పుడు ఆ ఇంట్లో ఉంటున్నది అప్పటివాడి మనవడో, కొనుక్కున్నవాడో. "ఎవరు తీశారు" అని ఒక్కరిని అడిగినా మిగతా తలుపులు మూసుకుంటాయి. బడి పేరుతో చిన్న కరపత్రం వేయండి: మీ పెరట్లో హీబ్రూ అక్షరాలున్న రాయి ఉంటే చెప్పండి, మేమే వచ్చి తీసుకెళ్తాం, పేరు అడగం. అప్పగింత మాత్రం మున్సిపాలిటీ ద్వారా కాగితం మీద జరగాలి, లేకపోతే రేపు దొంగ రాయి అన్న మాట పిల్లల మీదికొస్తుంది.

ఆ ఏడాది ఆఖరుకి పిల్లలే ఊరివాళ్ళను ఒక నడకకు తీసుకెళ్ళాలి. సంత వీధి, సినగాగ్ ఉన్న చోటు, ఆఖరున శ్మశానం గేటు. గంటన్నర దాటకూడదు, ముసలివాళ్ళు గుట్ట ఎక్కాలి. టీచర్ మాట్లాడకూడదు. ఒక్కో పిల్లవాడు ఒక్కో రాయి గురించి రెండు నిమిషాలు. ఊరివాళ్ళకు పని కనబడాలన్న టీచర్ల బెంగకు నిలబెట్టిన రాళ్ళకన్నా ఇదే మందు. మరుసటి జూన్‌లో ఆ గడ్డి ఎవరు కోస్తారన్నది ఆ నడకకు ఎవరి అమ్మా నాన్నా వచ్చారన్నదాని మీద ఉంటుంది. ఫోరం దియలోగు అనే సంస్థ బళ్ళకు ఇలాంటి కార్యక్రమాలు నడుపుతుంది, టీచర్లను అడగమనండి.


లుబ్లిన్_కుర్రాడు:

సోమ, మంగళవారాలకు మార్చాం. 4000లో కంచె ఏమైనా వస్తుందా?


సున్నం_గచ్చు:

రాదు. స్థలం 100 బై 60 మీటర్లనుకున్నా చుట్టుకొలత 320 మీటర్లు. పైగా గుంజలు ఎక్కడ పాతాలో తేలాలంటే అసలు హద్దు తెలియాలి. ఇప్పుడు చెట్లున్నంత మేర హద్దు అనుకుంటే పొరపాటు, పక్క పొలం శ్మశానంలోకి జరిగి ఉండొచ్చు. 1930ల సైనిక పటాలు, 1944 నాటి జర్మన్ విమాన ఫొటోలు, జియోపోర్టల్‌లో లైడార్ (పైనుంచి లేజరుతో కొలిచిన) నేల రూపం, మూడూ ఒకదాని మీద ఒకటి వేసి చూడండి. పాత కందకం గట్టు లైడార్‌లో సన్నటి గీతలా తేలుతుంది, చెట్ల కింద ఉన్నా సరే. ఆ పటం తయారుచేస్తే చాలు, 2015 నుంచి యూరప్‌లో యూదు శ్మశానాలకు కంచెలు వేస్తున్న ఈఎస్‌జేఎఫ్ లాంటి సంస్థకు మున్సిపాలిటీ చేత రాయించొచ్చు.

మీ డబ్బు బ్రష్‌లకు, చేతి కత్తెరలకు, తోలు చేతి తొడుగులకు, కళ్ళద్దాలకు, ప్రథమ చికిత్స పెట్టెకు, పిల్లల బీమాకు పెట్టండి. గేటు దగ్గర పెట్టే బోర్డుకు కొంత దాచండి: పోలిష్, హీబ్రూ, ఇంగ్లీషు, మూడు భాషల్లో, ఇది యూదు శ్మశానం అన్న ఒక్క వాక్యం, సమాచారానికి ఒక ఫోన్ నంబరు. హీబ్రూ వాక్యం ముద్రణకు ముందు చదివించండి. కంప్యూటర్ దాన్ని కుడి ఎడమలు తిరగేసి అచ్చేయడం మామూలే.


బడి_గంట:

పిడుదులు మర్చిపోయారు. గడ్డిలోంచి ఒంటికెక్కి రక్తం తాగే పురుగులు, అక్కడ క్లెష్చ్ అంటారు. అక్టోబరులో కూడా ఉంటాయి. ప్యాంటు సాక్సులోకి దోపి, లేతరంగు బట్టలు, సాయంత్రం మోకాళ్ళ వెనక, చంకల్లో, చెవుల వెనక చూసుకోవాలి. కరిచి ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి నేరుగా పైకి లాగాలి. నూనె రాయడం, కాల్చడం వద్దు. పిడుదుల వల్ల వచ్చే మెదడువాపుకు టీకా ఉంది. మొదటి రెండు డోసుల మధ్య నెల నుంచి మూడు నెలల ఎడం కావాలి, కాబట్టి వేయించుకునేవాళ్ళు ఇప్పుడే మొదలెట్టాలి. పిడుదుల వల్లే వచ్చే లైమ్ అనే ఇంకో జబ్బుకు ఆ టీకా పనిచేయదు, కరిచిన చోట ఎర్ర వలయం పెరుగుతుంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఇంకోటి, మనిషెత్తు పెరిగే గొడుగు పూల సోస్నోఫ్‌స్కీ మొక్క కనబడితే పిల్లల్ని దూరం పెట్టండి. దాని పాలు చర్మానికి అంటి ఎండ తగిలితే బొబ్బలెక్కుతుంది. బ్రష్ కట్టర్‌తో దాన్ని కొడితే ఆ పాలు ముఖం మీదే చిమ్ముతాయి.